పనివల్ల పట్టేసిన భుజానికి టెన్స్ మెషిన్ వాడే పద్ధతి

రోజంతా మౌస్ పట్టుకునేవాళ్లకైనా, కుట్టుమిషను మీద వంగి ఉండేవాళ్లకైనా నొప్పి ఎక్కువగా మెడకూ భుజానికీ మధ్యనున్న కండలో మొదలవుతుంది. నడుముకు తగిలించుకునే చిన్న టెన్స్ మెషిన్ ఆ నొప్పిని కాసేపు అణుస్తుంది. చర్మానికి అంటించే జెల్ ప్యాడ్ల ద్వారా కింది నరాలకు సన్నటి కరెంటు తగిలి పుట్టే చిమచిమ, నొప్పి కబురును వెన్నుపాము దగ్గరే అడ్డుకుంటుంది. అంతకుమించి అది నొప్పి మూలాన్ని మాన్పదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు కరెంటు తగులుతుందో), పల్స్ వెడల్పు (ఒక్కోసారి ఎంతసేపు తగులుతుందో) విడివిడిగా మార్చుకునే వీలున్నదే తీసుకోండి. ఏ అంకే లేకుండా ఒక్క బటన్‌తో వచ్చే మసాజర్లలో చాలావరకు కండను కుదిపేవే; వాటి పని వేరు.

ముందు చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పొద్దున రాసుకున్న బామ్ గానీ నూనె గానీ మిగిలి ఉంటే ప్యాడ్ అంటదు, చర్మం మండుతుంది. 5 సెంటీమీటర్ల చదరపు ప్యాడ్లు రెండు చాలు. ఒకటి భుజం పైన ఉబ్బెత్తుగా ఉండే కండ మీద, రెండోది రెక్క ఎముక లోపలి అంచు పక్కన. మధ్యలో కనీసం మూడు వేళ్ల ఎడం వదలండి. మెడ ముందువైపు, గొంతు మీద ఎప్పుడూ పెట్టొద్దు: అక్కడి రక్తనాళానికి కరెంటు తగిలితే రక్తపోటు, గుండె వేగం పడిపోవచ్చు. ఛాతీకి అడ్డంగా కూడా వద్దు.

ప్యాడ్లు అంటించాకే మెషిన్ ఆన్ చేయాలి, ఆపాకే తీయాలి. ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100 హెర్ట్జ్, పల్స్ 200 మైక్రోసెకన్లు పెట్టి, కరెంటు చక్రాన్ని సున్నా నుంచి కొద్దికొద్దిగా తిప్పండి. గట్టిగా చిమచిమలాడాలి గానీ నొప్పి పుట్టకూడదు. కండ టిక్కుటిక్కుమని ఎగిరితే ఎక్కువైనట్టే, వెనక్కి తిప్పండి. పదినిమిషాలకు ఆ స్పర్శ మొద్దుబారడం మామూలే, నరం అలవాటు పడుతుంది. అప్పుడు కాస్త పెంచండి, లేదా కరెంటు తీరు దానంతటదే మారుతూ ఉండే మాడ్యులేషన్ మోడ్‌కు మార్చండి. ఒక్కో విడతకు 20 నుంచి 30 నిమిషాలు. నిద్రలో, బండి నడుపుతూ వాడొద్దు.

ఒక్కచోటే సూదిలా గుచ్చుతోందంటే ప్యాడ్ అంచు లేచి, కరెంటంతా మిగిలిన కొద్దిచోటే పడుతోందని అర్థం. జెల్ మీద ఒక్క నీటిబొట్టు వేలితో రాసి, నిమిషం ఆగి మళ్లీ అంటించండి. అయినా అంటకపోతే ప్యాడ్లు మార్చాల్సిందే. అసలేమీ తెలియకపోతే ముందు వైరు పిన్ను, తర్వాత బ్యాటరీ చూడండి. ప్యాడ్ తీశాక చాలాసేపు దురద, దద్దురు ఉంటే ఆ జెల్ మీకు పడలేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు, నొప్పి తగ్గింది కదా అని ప్యాడ్లతోనే బరువులెత్తడం. ఆపమని చెప్పే నొప్పి లేకపోవడంతో దెబ్బతిన్న కండరం మరింత చిరగవచ్చు. ఆ అరగంటను బల్ల సరిచేయడానికి వాడండి: మోచేతులు బల్ల ఎత్తులో ఆనాలి, మౌస్ కోసం చేయి చాచాల్సిన పని ఉండకూడదు. చేతి గడియారంలో 30 నిమిషాలకోసారి వణికే టైమర్ పెట్టుకోండి. నడవమని గుర్తుచేసే గడియారాలు అడుగులనే లెక్కిస్తాయి, భుజం పైకి బిగుసుకుందో లేదో వాటికి తెలియదు.

చేతివేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, పడ్డాక చేయి పైకి లేవకపోయినా మెషిన్ పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. భుజం నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.