వేల పాటలున్నా కావలసింది దొరకదా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి సాఫ్ట్‌వేర్

కడపలో ఏళ్ల తరబడి పాటలు పోగేసుకున్న ఇంట్లో హార్డ్ డిస్క్ తెరిస్తే సరుకు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒకే డిస్కులో 150 పాటలు పట్టించి అమ్మిన ఎంపీ3 సీడీల నుంచి దించినవి కొన్ని. సెల్ షాపులో మెమరీ కార్డు ఇచ్చి ఎక్కించుకున్నవి కొన్ని. అన్నమయ్య కీర్తనలు, ఘంటసాల పద్యాలు, పెద్ద దర్గా ఉరుసులో ఫోన్‌తో రికార్డు చేసిన కవ్వాలీలు, ఊళ్లో చెక్కభజన, క్యాసెట్ నుంచి ఎక్కించుకున్న హరికథ. అన్నీ కలిసి "న్యూ ఫోల్డర్ 2"లో ఉంటాయి.

పాట దొరక్కపోతే "ఈ ప్లేయర్ బాలేదు" అని ఇంకోటి దించుకుంటారు. అందులోనూ అదే గోల. ఏ ప్లేయరైనా పాట ఫైల్ లోపల రాసి ఉన్న వివరాలనే చదివి చూపిస్తుంది మరి. ఆ వివరాలను ట్యాగ్ అంటారు. ట్యాగ్ తప్పుగా ఉంటే ప్లేయర్ మార్చి లాభం లేదు. తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. అదే పాటను వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లోనూ, మీరు వాడే ప్లేయర్‌లోనూ తెరవండి. రెండింటిలోనూ ఒకే తప్పు కనబడితే ట్యాగ్‌ని అనుమానించాలి. ఒకదానిలోనే కనబడితే అప్పుడు ప్లేయర్ సంగతి చూడాలి.

చెయ్యి పెట్టే ముందు మొత్తం పాటలను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ట్యాగ్‌లు మార్చే సాఫ్ట్‌వేర్లు ఒక్క క్లిక్కుతో వేల ఫైళ్లను మార్చేస్తాయి. వాటికి మంచి చెడ్డా తెలియవు.

ఆల్బమ్ పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు

అన్నిటికన్నా ఎక్కువ కనబడే జబ్బు ఇదే. ఆల్బమ్‌ల జాబితా తెరిస్తే సినిమాల పేర్లు ఉండవు, ఒకే వెబ్‌సైట్ పేరు కింద వందల పాటలు ఉంటాయి. పాట పేరు చివర కూడా అదే తోక. ఎక్కడి నుంచి దించారో ఆ సైటు వాళ్లు తమ పేరును ట్యాగ్‌లో కొట్టి వదిలారు. సెల్ షాపువాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు అందరి కార్డుల్లోకీ ఎక్కించారు.

దీనికి విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మించింది లేదు. ఇది పాటలు వాయించదు, ట్యాగ్‌లు మాత్రమే సరిచేస్తుంది. ఒక ఫోల్డర్‌లోని పాటలన్నీ ఎంచుకుని, యాక్షన్స్‌లో "రీప్లేస్" పెట్టి, ఆ తోకను రాసి, దాని బదులు ఏమీ రాయకుండా వదిలేస్తే అన్నిట్లోనూ ఒకేసారి పోతుంది. ఫైల్ పేరు మాత్రం సరిగ్గా ఉండి ట్యాగ్ ఖాళీగా ఉంటే "ఫైల్‌నేమ్ - ట్యాగ్" అనే కన్వర్ట్ ఆదేశంతో ఫైల్ పేరులోంచే గాయకుడినీ పాటనూ విడదీసి నింపవచ్చు. సినిమా పేరు మీరే కొట్టాలి. ఒక్కో సినిమాను ఒక్కో ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఆల్బమ్ పేరు ఒకసారి కొడితే ఫోల్డర్ మొత్తానికీ పడుతుంది.

ఈ పనికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ కూడా వాడవచ్చంటారు. అది పాట ధ్వనిని బట్టి ఇంటర్నెట్‌లో వివరాలు వెతికి తెస్తుంది. ఇంగ్లిష్ ఆల్బమ్‌లకు బాగా పనిచేస్తుంది. పాత తెలుగు సినిమా పాటలకు మాత్రం అక్కడున్న సమాచారం అంతంత మాత్రమే. దొరికినా చాలాసార్లు అసలు సినిమా పేరు రాదు, తర్వాత ఎప్పుడో వేసిన ఏదో హిట్స్ సంకలనం పేరు వస్తుంది. అందుకని చూడకుండా అన్నిటికీ సేవ్ నొక్కకండి.

ఒకే గాయకుడు నాలుగు చోట్ల

బాలు పాటలు కావాలని వెతికితే కొన్ని "ఎస్.పి.బాలు" కింద, కొన్ని "ఎస్పీబీ" కింద, కొన్ని పూర్తి పేరు కింద, ఇంకొన్ని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక హెచ్ తగ్గి వేరే చోట. సుశీల పేరును ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, ఇళయరాజా పేరూ అంతే. మనకు అందరూ ఒక్కరే. కంప్యూటర్‌కు మాత్రం ఒక్క చుక్క తేడా వచ్చినా వేరే మనిషి. ఎంపీ3ట్యాగ్‌లోగానీ మ్యూజిక్‌బీ అనే ప్లేయర్‌లోగానీ ఆర్టిస్ట్ వారీగా వరసపెట్టి, ఒకరివన్నీ ఎంచుకుని ఒకే పేరు కొట్టేయండి. ఇంగ్లిష్‌లో రాస్తారో తెలుగులో రాస్తారో మీ ఇష్టం. రెండూ కలపవద్దు.

దీనికి తోడు యుగళగీతాలది ఇంకో చిక్కు. సినిమాలో ఆరు పాటలుంటే ఆరింటికీ గాయకుల జతలు వేరు. అప్పుడు ఒకే సినిమా ఆరు ముక్కలై ఆరు ఆల్బమ్‌లుగా కనబడుతుంది. దీనికి "ఆల్బమ్ ఆర్టిస్ట్" అనే వేరే గడి ఉంది. పాటలన్నిటికీ ఆ గడిలో ఒకే పేరు పెడితే ముక్కలు కలిసిపోతాయి. సినిమా పాటలకు అక్కడ సంగీత దర్శకుడి పేరు పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. పెండ్యాల, సాలూరి రాజేశ్వరరావు, కె.వి.మహదేవన్ ఇలా వరసగా వస్తారు, వింటున్నప్పుడు కూడా బాణీల తీరు తెలుస్తుంది.

అన్నమయ్య కీర్తనలకు ఈ లెక్క పనికిరాదు. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన ఆయన పేరు చాలామంది ఫైళ్లలో గాయకుడి గడిలో ఉంటుంది. 1503లో పోయినాయన పాడిన రికార్డింగ్ అన్నమాట! ఆయన పేరు "కంపోజర్" గడిలోకి పోవాలి, ఆర్టిస్ట్ గడిలో పాడినవారి పేరు ఉండాలి. అప్పుడు ఒకే కీర్తనను ఎవరెవరు ఎలా పాడారో పక్కపక్కన పెట్టి వినొచ్చు. రాగం పేరును కామెంట్ గడిలో పెట్టుకుంటే అది ఇంకో లాభం. మీరు ఎంచుకునే ప్లేయర్ కంపోజర్ వారీగా వరస చూపించగలదా లేదా అన్నది ఇందుకే చూసుకోవాలి. మ్యూజిక్‌బీ, ఫూబార్2000 రెండూ చూపిస్తాయి. ఫోన్లతో వచ్చే మామూలు ప్లేయర్లలో ఈ సౌకర్యం చాలావాటికి ఉండదు.

తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనబడితే

ఇందులో నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ మందు వేరు.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే పేరు పోయినట్టే. తెలుగు తెలియని సాఫ్ట్‌వేర్ ఏదో సేవ్ చేసేటప్పుడు ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం రాసేసింది. తిరిగి కొట్టుకోవడమే దారి.

చతురస్రపు డబ్బాలు కనబడితే కంగారు పడొద్దు. పేరు భద్రంగానే ఉంది, చూపించే పరికరంలో తెలుగు ఫాంట్ లేదు. కార్ స్టీరియోల్లో ఎక్కువగా ఇదే.

తల మీద గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో మళ్లీ మళ్లీ వస్తుంటే అది యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో రాసిన తెలుగే. ప్లేయర్ దాన్ని పాత లాటిన్ పద్ధతిలో చదువుతోంది. ఫూబార్2000కు క్యారెక్టర్ సెట్ సరిచేసే యాడ్-ఆన్ దొరుకుతుంది. దాంతో యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేరు మళ్లీ తెలుగులోకి వస్తుంది.

నాలుగోది మన దగ్గరే ఎక్కువ. సీడీ కవర్ కోసం డీటీపీ షాపులో అను ఫాంట్స్‌తో కొట్టించిన పాటల జాబితా నుంచి పేర్లు కాపీ చేసి ట్యాగ్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లకూ తెలిసిన తెలుగు కాదు. ముందు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చిన తెలుగును అతికించాలి.

మళ్లీ ఈ జబ్బు రాకుండా ఎంపీ3ట్యాగ్ ఆప్షన్స్‌లో ట్యాగ్ రాసే పద్ధతిగా ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16 ఎంచుకోండి. పాత ప్లేయర్లు కూడా దీన్ని ఎక్కువ భాగం చదువుతాయి. ఐడీ3వీ1 అనే పాత రకం ట్యాగ్ రాయడం ఆపేయండి. అందులో పాట పేరుకు ఇచ్చే చోటు 30 బైట్లే. యూటీఎఫ్-8లో "ఘంటసాల" అన్న మాటకే 18 బైట్లు పడతాయి. పాత ఫైళ్లలో పేర్లు సగంలో తెగి ఉండటానికి కారణం ఇదే.

కారులో వరస తప్పుతోంది, కొన్ని పాటలు అసలు రావు

పెన్ డ్రైవ్ గుర్తుపట్టకపోతే ముందు ఫార్మాట్ చూడండి. చాలా స్టీరియోలు ఫ్యాట్32నే చదువుతాయి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే ముఖం తిప్పుకుంటాయి. విండోస్ మామూలు ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్32 చూపించదు. అలాంటప్పుడు రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి, లేదంటే 32 జీబీ డ్రైవే కొనండి. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయని వేరే చెప్పక్కర్లేదు.

వరస తప్పడానికి కారణం వేరు. కొన్ని స్టీరియోలు అక్షర క్రమం పట్టించుకోవు, పెన్ డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయిందో అదే ముందు వాయిస్తాయి. పెన్ డ్రైవ్‌లోని ఫైళ్ల పట్టికను వరసలో పెట్టే డ్రైవ్‌సార్ట్ లాంటి చిన్న సాఫ్ట్‌వేర్‌తో సరిపోతుంది. 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాత 2 వస్తుంటే ఫైల్ పేర్ల ముందు 01, 02 అని పెట్టండి, అంతే.

కారు కోసం వేరే పెన్ డ్రైవ్ పెట్టుకుని, అందులో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచుకోవడం మేలు. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో స్క్రీన్ మీద డబ్బాలు చూస్తూ ఇది ఏ పాటబ్బా అనుకునే తీరిక ఎవరికీ ఉండదు.

ఘంటసాల వినబడడు, తర్వాతి పాటకు చెవులు పగులుతాయి

పాత రికార్డింగుల ధ్వని స్థాయి తక్కువ, ఇప్పటి పాటలను మిక్సింగ్‌లోనే గట్టిగా బిగిస్తారు. దీనికి రీప్లేగెయిన్ ఉంది. ప్లేయర్ ప్రతి పాటనూ కొలిచి, ఎంత పెంచాలో తగ్గించాలో ట్యాగ్‌లో రాసుకుంటుంది. ధ్వనిని ముట్టుకోదు. ఫూబార్2000లో పాటలన్నీ ఎంచుకుని ఒకసారి స్కాన్ చేస్తే సరి. అయితే కార్ స్టీరియోలు చాలావరకు ఈ ట్యాగ్‌ను పట్టించుకోవు. ఆ పెన్ డ్రైవ్‌కు మాత్రం ఎంపీ3గెయిన్ వాడాలి. అది ఫైల్‌లోనే స్థాయిని 1.5 డెసిబెల్ మెట్లలో మారుస్తుంది, కావాలంటే వెనక్కి తిప్పుకోవచ్చు.

320 అని రాసుంది, శబ్దం మాత్రం డొల్ల

128 కేబీపీఎస్ (సెకనుకు ఎన్ని కిలోబిట్లు అన్న లెక్క) పాటను 320గా మార్చి ఇచ్చి ఉంటారు. ఫైల్ పెరుగుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను తెరిస్తే ఏ స్థాయి దాకా ధ్వని ఉందో చూపే బొమ్మ కనబడుతుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగితే అది 128 సరుకని అనుమానించవచ్చు. కానీ 1950లు, 60ల నాటి పాటలకు ఈ పరీక్ష పెట్టకండి. ఆ రోజుల రికార్డింగులో పై స్థాయి ధ్వని మొదటినుంచీ పెద్దగా ఉండదు. దీనికి మరమ్మతు లేదు, సీడీ సంపాదించి ఫ్లాక్ అనే నాణ్యత తగ్గని ఫార్మాట్‌లోకి దించుకోవాలి.

నిన్నటిదాకా ఉన్న లైబ్రరీ ఇవాళ ఖాళీ

పాటలు పోలేదు. నిన్న ఎఫ్ డ్రైవ్‌గా ఉన్న హార్డ్ డిస్క్, ఇంకో పెన్ డ్రైవ్ ముందే పెట్టి ఉండటంతో ఇవాళ జీ అయింది. ప్లేయర్ మాత్రం ఎఫ్‌లోనే వెతుకుతోంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డిస్క్‌కు ఎమ్ లాంటి కాస్త దూరపు అక్షరం ఒకటి శాశ్వతంగా ఇచ్చేయండి. ఈలోపు "దొరకని ఫైళ్లు తీసేయమంటారా?" అని ప్లేయర్ అడిగితే పొరపాటున కూడా అవునని నొక్కకండి. ప్లే లిస్టులు, ఏ పాట ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలు అన్నీ పోతాయి.

ఫోన్‌లో ఇంకో తంటా. పాటల మధ్యలో వాట్సాప్ వాయిస్ మెసేజ్ మోగుతుంది. భక్తి పాటల తర్వాత "రేయ్ యాడున్నావ్?" అని మామ గొంతు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో పాటల ఫోల్డర్‌ను మాత్రమే ఎంచుకోండి, లేదా వాట్సాప్, కాల్ రికార్డింగ్ ఫోల్డర్లను తీసేయండి. నాలుగు నిమిషాల పాటకు పన్నెండు నిమిషాలు చూపిస్తుంటే వీబీఆర్ హెడర్, అంటే ఫైల్ మొదట్లో పాట నిడివి తెలిపే సమాచారం, చెడింది. ఫూబార్2000లోని యుటిలిటీస్‌లో దాన్ని సరిచేసే ఆదేశం ఉంది.

ఇంతకీ ఏది పెట్టుకోవాలి?

విండోస్‌లో వేల పాటలు సర్దుకోవాలంటే నా ఓటు మ్యూజిక్‌బీకే. ట్యాగ్‌లు మార్చడం, ఫోల్డర్లు సర్దడం, కవర్ బొమ్మలు పెట్టడం అన్నీ అందులోనే అవుతాయి. పాత, బరువు మోయలేని కంప్యూటరైతే ఫూబార్2000. చూడ్డానికి ఆఫీసు రిజిస్టర్‌లా ఉంటుంది, పనిలో మాత్రం చురుకు. లైనక్స్‌లో స్ట్రాబెర్రీ. మ్యాక్‌లో ఆపిల్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్ ఫైళ్లను తీసుకోదు, వాటిని ఆలాక్ అనే ఆపిల్ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మ్యూజికోలెట్ బాగుంటుంది. అది ఇంటర్నెట్ అనుమతే అడగదు, ప్రకటనలు ఉండవు. వీఎల్‌సీ దేన్నైనా వాయిస్తుంది కానీ సర్దే పని దానికి అప్పగించవద్దు.

హరికథలు, భజనలు క్యాసెట్ నుంచి ఎక్కించినవైతే సీ-60 క్యాసెట్‌కు ఒక్కో వైపు 30 నిమిషాల ఒకే ఫైల్ ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట మొదలయ్యే చోటల్లా లేబుల్ పెట్టి, లేబుళ్ల ప్రకారం విడివిడి ఫైళ్లుగా ఎగుమతి చేయండి. ఆ తర్వాతే ట్యాగ్‌ల పని.

ఏ ప్లేయర్‌కైనా పూర్తిగా మారిపోయే ముందు ఒక పాటకు ఐదు స్టార్లు ఇచ్చి, ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. స్టార్లు అక్కడ కనబడకపోతే ఆ ప్లేయర్ వాటిని ఫైల్‌లో రాయడం లేదు, తన సొంత డేటాబేస్‌లో దాచుకుంటోంది. ఫైల్‌లోకి రాసే సెట్టింగ్ ఉందేమో వెతకండి. లేకపోతే రేటింగ్‌ల కోసం దాన్ని నమ్ముకోవద్దు.