శ్రీముఖలింగం నుంచి సీతంపేట దాకా: గుడినీ కొండనూ కలిపి చూసే పద్ధతి

శ్రీకాకుళం వచ్చిన యాత్రికుల్లో చాలామంది అరసవల్లిలో దర్శనం చేసుకొని, వీలైతే శ్రీకూర్మం కూడా చూసుకొని, సాయంత్రం రైలుకి వెళ్లిపోతారు. ఈ సీమలోని శైవక్షేత్రాల్లో ఎంతో ప్రసిద్ధమైన శ్రీముఖలింగం స్థలపురాణం ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులైన సవరలతోనే మొదలవుతుంది. కాబట్టి గుళ్లకు ఒక ప్రయాణం, గిరిజన గ్రామాలకు మరొక ప్రయాణం అని విడదీయకుండా, రెండు రోజులు కేటాయించుకొని ఒకదాని వెంట ఒకటి చూడమని నా సలహా.

మొదటిరోజు ఉదయాన్నే అరసవల్లి ముగించుకోవాలి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు తొలికిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో వెళ్లదలిస్తే తెల్లవారకముందే అక్కడ ఉండాలి. తరువాత శ్రీకూర్మం. అక్కడ మూలమూర్తి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ప్రదక్షిణ మండపంలోని పాత వర్ణచిత్రాలను చూసేందుకు కొంచెం ఆగి, మధ్యాహ్నానికి బయలుదేరండి.

శ్రీముఖలింగానికి జాతీయ రహదారిమీద నరసన్నపేట దాకా వెళ్లి, అక్కడ లోపలికి తిరగాలి. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరే తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. ఊరి మొదట్లో కనిపించే సోమేశ్వరాలయాన్ని దాటి నేరుగా పెద్దగుడి అయిన మధుకేశ్వరాలయానికి వెళ్లిపోవడం చాలామంది చేసే పొరపాటు. మండపాలు లేని ఆ ఒంటిగుడి చుట్టూ నెమ్మదిగా తిరగండి. ఎండ ఏటవాలుగా పడే వేళ ద్వారబంధాలమీది లతల అల్లికలు, గోడల్లోని దేవతామూర్తులు స్పష్టంగా తేలి కనిపిస్తాయి. శిఖరం తీరు ఒడిశా గుళ్లను తలపిస్తుంది. భీమేశ్వరాలయానికి ఎక్కువ సమయం అవసరం లేదు, కానీ మధుకేశ్వరాలయానికి కనీసం గంటన్నర ఉంచుకోవాలి.

లోపలికి వెళ్లేముందు కథ తెలిసి ఉంటే దర్శనం వేరుగా ఉంటుంది. శాపవశాన శబరులుగా, అంటే సవరలుగా, పుట్టిన గంధర్వుల నాయకుడి ముంగిట ఒక ఇప్పచెట్టు ఉండేదట. దాని పూల విషయమై అతని ఇద్దరు భార్యలు తగవుపడగా, విసిగిపోయి అతడు చెట్టును నరికాడని, ఆ మొదలులోంచి శివుడు ముఖంతో వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. ఇప్పకు సంస్కృతంలో మధూకమని పేరు. స్వామి మధుకేశ్వరుడైనది అందుకే. వేసవి మొదట్లో వెళ్లేవారు తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద రాలిన పువ్వునొకదాన్ని చేతిలోకి తీసుకొని చూడండి. లేత పసుపు రంగులో, కండగా, తియ్యటి వాసనతో ఉండే ఆ పువ్వు కొండల్లోని వారికి ఆహారం కూడా. ఒక పువ్వుకోసం ఇంట్లో తగవు ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

గుడినీ కొండనూ కలిపి చదివినవారు మనకు ముందే ఒకరున్నారు. 1863లో ఈ వంశధార తీరాన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం శాసనాలను స్వయంకృషితో చదివారు. సవరల దగ్గరే వారి భాష నేర్చుకొని దానికి వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా అనే వేరే భాషాకుటుంబానికి చెందినది. వెళ్లేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే, వారి మాటను యాసగా చూసే పొరపాటు జరగదు.

రెండోరోజు హిరమండలం, కొత్తూరు మీదుగా సీతంపేట చేరుకోవచ్చు. 2022 నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇక్కడ సవరలూ, జాతాపులనే మరో గిరిజన తెగవారూ ఎక్కువ. సంత ఏ వారమో ముందుగా అడిగి తెలుసుకొని ఆ రోజుకే ప్రయాణం కుదుర్చుకోండి. పొద్దున్నే కొండ దిగివచ్చేవారి దగ్గర కాలాన్నిబట్టి చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకులు, సీతాఫలాలు, అనాసలు దొరుకుతాయి. ఆ బరువును ఎంత దూరం మోసుకొచ్చారో ఆలోచించి, గీచి గీచి బేరమాడకుండా కొనాలని నా మనవి.

గూడేల్లోకి ఎవరినీ అడగకుండా వెళ్లకూడదు. స్థానికులైన ఉపాధ్యాయులనో ఊరిపెద్దనో వెంటబెట్టుకొని వెళ్లండి. కొన్ని ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి ముద్దతో వేసిన బొమ్మలు కనిపిస్తాయి: సూర్యచంద్రులు, చెట్లు, గుర్రాలు, వరుసకట్టి నడిచే మనుషులు. అవి గోడకు అలంకారం కావు. పెద్దలకోసమో, జబ్బు తగ్గాలనో, పంట బాగుండాలనో మొక్కుకొని వేసినవి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చెప్పకుండా ఫోను ఎత్తాను. ఇంటావిడ ఏమీ అనకుండా గోడకు అడ్డంగా వచ్చి నిలబడింది. క్షమించమని అడిగి కూర్చున్నాక, ఏ బొమ్మ ఎవరిదో ఆవిడే వేలితో చూపించింది. మన గర్భగుడిలో పాటించే మర్యాదే అక్కడా పాటించాలి.

కందికొత్తల పండుగ రోజుల్లో వెళితే డప్పులు, నృత్యాలు చూడవచ్చు. దేవతకు సమర్పించేదాకా కొత్తకందిని వారు నోటపెట్టరు. కాబట్టి పండుగకు ముందు చేలో కాయ తెంపి రుచి చూడటం, కొత్తకంది కావాలని అడగటం తగదు. తిరుగు ప్రయాణం పాలకొండ మీదుగా చేయవచ్చు. రైలు అందుకోవలసినవారు ఆమదాలవలసలో దిగాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను అక్కడే ఉంది.