మౌస్‌తో సమయం ఆదా: మధ్య చక్రం, ఎడమచేతి వేళ్లు

కంప్యూటర్ మీద రోజంతా పనిచేసేవారిలో చాలామంది మౌస్‌లో కుడి, ఎడమ బటన్లను మాత్రమే వాడతారు. మధ్యనున్న చక్రాన్ని కూడా నొక్కవచ్చని, ఎడమచేతి వేళ్లు కంట్రోల్, షిఫ్ట్ మీటల మీద ఉంటే అదే క్లిక్ వేరే పని చేస్తుందని తెలుసుకుంటే చేతికి శ్రమ ఎంతో తగ్గుతుంది. ఇక్కడ వివరించే పద్ధతులు విండోస్ కంప్యూటర్‌కు సంబంధించినవి.

వర్డ్‌లో పదం మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఆ పదం, మూడుసార్లు చేస్తే పేరా మొత్తం ఎంపికవుతాయి. అయితే పది పేజీల భాగాన్ని ఎంచుకోవడానికి బటన్ నొక్కిపట్టి కిందికి లాగుతూ పోతే, పేజీలు పరుగెత్తి మనం అనుకున్న చోటు దాటిపోతాయి. దానికి బదులు మొదట్లో ఒకసారి క్లిక్ చేసి, చక్రం తిప్పుతూ చివరికి చేరి, షిఫ్ట్ పట్టుకుని మరోసారి క్లిక్ చేస్తే సరిపోతుంది. ఆల్ట్ పట్టుకుని లాగితే నిలువు పట్టీలాగా ఎంపికవుతుంది కనుక, వేరే చోటి నుంచి తెచ్చిన జాబితాలో ముందున్న వరుస సంఖ్యలను మాత్రమే తీసేయవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం మిగిలేది ఎక్సెల్‌లోనే. తరగతి మార్కుల జాబితాలో మొదటి విద్యార్థికి మొత్తం లెక్కించే సూత్రం రాశాక, ఆ గడి కింది కుడి మూలనున్న చిన్న చతురస్రం మీదికి బాణాన్ని తీసుకెళ్తే అది సన్నని నల్లని ప్లస్ గుర్తుగా మారుతుంది. అక్కడ డబుల్ క్లిక్ చేస్తే, పక్క నిలువు వరుసలో వివరాలున్నంత వరకూ సూత్రం తనంతట తానే నిండుతుంది. పక్కన ఖాళీ గడి ఉంటే మధ్యలోనే ఆగవచ్చు కాబట్టి చివరి పేరు దాకా వచ్చిందో లేదో ఒకసారి చూసుకోవాలి. అంకెల స్థానంలో హ్యాష్ గుర్తులు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, పైన A, B, C అక్షరాల పట్టీలో ఆ నిలువు వరుస అక్షరానికి కుడివైపున్న గీత మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ వరుస తగినంత వెడల్పవుతుంది.

బ్రౌజర్‌లో లింకు మీద చక్రాన్ని నొక్కితే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద నొక్కితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది. ఉద్యోగ ప్రకటనల పేజీలో ఒక్కో లింకు తెరిచి, చదివి, వెనక్కి వచ్చే బదులు, కావలసినవన్నీ ముందే చక్రంతో తెరిచి పెట్టుకుని తర్వాత నింపాదిగా చదువుకోవచ్చు. కంట్రోల్ పట్టుకుని చక్రం తిప్పితే అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతాయి. కంట్రోల్‌తో పాటు సున్నా నొక్కితే మామూలు పరిమాణానికి వస్తాయి.

ఫైళ్లను లాగేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైలు కొత్త చోటికి మారిపోతుంది, పెన్‌డ్రైవ్ వంటి వేరే డ్రైవ్‌లోకి లాగితే నకలు మాత్రమే వెళ్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం కన్నా కుడి బటన్‌తో లాగడం మేలు, ఎందుకంటే వదిలిన చోట నకలు చేయాలా, తరలించాలా అని మెనూయే అడుగుతుంది.

ల్యాప్‌టాప్‌లో చక్రం ఉండదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లోని టచ్‌ప్యాడ్ విభాగంలో, మూడు వేళ్లతో తట్టడాన్ని మధ్య బటన్‌గా మార్చుకునే వీలు చాలా యంత్రాల్లో ఉంది. లేనివారు కంట్రోల్ పట్టుకుని లింకును క్లిక్ చేసినా కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది.