పగటి నిడివిని బట్టి తల్లి చేపల పోషణ, చెరువు మేత

గోదావరి డెల్టాలో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటల 10 నిమిషాలు ఉంటే, జూన్ మూడో వారానికి 13 గంటలు దాటుతుంది. తేడా రెండు గంటలే అయినా బొచ్చె, శీలావతి, మోసు చేపలు దానిని పసిగడతాయి. చేప తలలోని పీనియల్ గ్రంథి చీకటి ఉన్నంతసేపు మెలటోనిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. రాత్రులు తగ్గుతూ నీరు వేడెక్కేకొద్దీ మెదడు తన కింద ఉండే పీయూష గ్రంథిని ప్రేరేపించి, అండాశయాలను, వృషణాలను ఎదిగేలా చేస్తుంది. పొద్దు, వేడి కలిసే పనిచేస్తాయి కనుక, చల్లటి నీటిపై దీపాలు వెలిగించినంత మాత్రాన ఫలితం ఆశించకూడదు.

కాబట్టి సంక్రాంతి దాటగానే తల్లి చేపల (పిల్లల ఉత్పత్తికి పెంచే ఆడ, మగ చేపల) చెరువు పని మొదలుపెట్టాలి. తవుడు, నూనెగింజల చెక్కతోనే సరిపెట్టకుండా 25 నుంచి 30 శాతం మాంసకృత్తులున్న మేతను రోజూ చేపల బరువులో 2, 3 శాతం చొప్పున ఇవ్వాలి. గుడ్లు కట్టడానికి కావలసిన పోషణ ఈ నెలల్లో అందకపోతే, తర్వాత ఎంత మేత వేసినా ఆ లోటు తీరదు. మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. పగలు బాగా పెరిగే ఏప్రిల్, మే నెలల్లోనే సాధారణంగా కాలువలు కట్టేస్తారు, అంటే నీరు వదలడం ఆపేస్తారు. తల్లి చేపలకు కొత్త నీరు ఎక్కువ అవసరమయ్యేది కూడా అప్పుడే. అందుకని కాలువ కట్టక ముందే చెరువును నిండుగా పెట్టుకొని, పక్కన మరో చెరువులో నీరు నిల్వ చేసుకోవడం మంచిది. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారితే వెలుతురు లోపలికి దిగదు కనుక ఎరువులు ఆపి, కొంత నీరు మార్చాలి.

మే చివర నుంచి వల లాగి చేపలను పరీక్షించాలి. ఆడచేప పొట్ట ఉబ్బి, వేలితో తాకితే మెత్తగా ఉంటుంది. గుడ్లు వెలువడే ద్వారం ఎర్రబడి కాస్త ఉబికి కనబడుతుంది. మగచేప ఛాతీ రెక్క లోపలివైపు గరుకుగా తగులుతుంది, పొట్టను మెల్లగా నొక్కితే పాలవంటి ద్రవం వస్తుంది. అయితే పొద్దు చేపను సిద్ధం చేస్తుందే తప్ప, నిలిచిన నీటిలో గుడ్లు పెట్టించలేదు. ఆ చివరి పనికి హార్మోన్ ఇంజెక్షన్ కావాలి. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో సాధించిన విజయమే నేడు ఈ చేపల హేచరీలకు (పిల్లల ఉత్పత్తి కేంద్రాలకు) ఆధారం.

తిలాపియా సంగతి వేరు. అది ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెడుతుంది; తొట్లలో రోజుకు 18 గంటల వెలుతురు ఇచ్చిన ప్రయోగాల్లో పిల్లల ఉత్పత్తి పెరిగింది. షెడ్డులో హేచరీ నడిపేవారు టైమర్ పెట్టి, దీపాలు రోజూ ఒకే వేళకు వెలిగి ఆరేలా చూడాలి. వేళ తప్పితే చేపలు బెదురుతాయి. తిలాపియాను అమ్మకానికి పెంచే చెరువులో మాత్రం గుడ్లు కట్టడం నష్టమే, ఎందుకంటే మేత కండకు బదులు గుడ్లకు పోతుంది. అందుకే అక్కడ ఏక లింగ (అన్నీ మగవైన) పిల్లలనే వదలాలి.

పెంపకపు చెరువుల్లో బొచ్చె, శీలావతి ప్రధానంగా పగటిపూటే మేస్తాయి. తెల్లవారుజామున ప్రాణవాయువు కనిష్ఠ స్థాయిలో ఉంటుంది కనుక చెరువులో వేలాడదీసే చిల్లుల మేత సంచులను పొద్దు బాగా ఎక్కాకే కట్టాలి. పగలు తక్కువగా, నీరు చల్లగా ఉండే ధనుర్మాసంలో చేపల ఆకలి తగ్గుతుంది. ముందు రోజు కట్టిన సంచిలో మేత మిగిలితే ఆ మేరకు తగ్గించాలి. ముసురు పట్టిన రోజున మేత ఆపి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను రాత్రంతా నడపాలి.