ఇంట్లోనే వీఆర్ – 4వ పాఠం: బతుకమ్మల నడుమ కెమెరా

పోయిన పాఠంలో 360 డిగ్రీల కెమెరాను, అంటే చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసేదాన్ని, ఫోన్‌కు కలిపాం. ఇప్పుడు దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చూద్దాం. అసలు తిప్పలంతా ఇక్కడే.

హనుమకొండలో ఉండే మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దాకా రాలేదు. అందుకని మా వాడకట్టులో ఆడిన ఆట తీసి, ఆమె కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టాను. తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం చూపించే కళ్లద్దాల పెట్టె అది. కెమెరాను గోడ వారకు పెట్టడం నా తప్పు. ఆమె అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే ఆడేవాళ్ల వీపులు. "నన్ను మూలకు కూసోబెట్టినవేంది బిడ్డా?" అంది.

ఈ కెమెరాకు ఫ్రేమ్ ఉండదు. మీరు స్టాండ్ ఎక్కడ పెడితే, చూసేవాళ్లు అక్కడ కూర్చున్నట్టే. బతుకమ్మ ఆటలో ఆ చోటు నడుమనే, పేర్చి పెట్టిన బతుకమ్మల మధ్యన. కెమెరా సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు దాదాపు అక్కడే ఉంటాయి. ఆరడుగులు పెడితే గాల్లో తేలినట్టుంటుంది.

మరుసటి ఏడు నడుమనే పెట్టాను. ఇంకో తప్పు బయటపడింది. ఈ కెమెరాకు ముందొకటి, వెనకొకటి రెండు లెన్సులు. రెండు బొమ్మలనూ కలిపి కుట్టే గీత కెమెరా పక్కల నుంచి పోతుంది. ఆ గీత మీద, జానెడు దూరంలో మా పెద్ద బతుకమ్మ ఉంది. తంగేడు, గునుగు వరుసలు పక్కకు జరిగాయి, పైన పసుపు గౌరమ్మ రెండుగా చీలింది. పెద్దమ్మ ఏమనలేదు గానీ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. అందుకే దగ్గరున్న వస్తువు ఏదైనా లెన్సుకు ఎదురుగా ఉండాలి, గీత మీదున్నవి కనీసం మూడడుగుల అవతల ఉండాలి.

అలాగని ఆడేవాళ్ల వలయం మరీ దూరం కావద్దు. 4కే వీడియోలో చుట్టూరా కలిపి 3,840 పిక్సెళ్లే, అంటే బొమ్మను కట్టే చుక్కలు. ఒకసారికి 90 డిగ్రీలు చూస్తే కంటికి దక్కేవి 960. పదిహేనడుగుల అవతల ముఖం ఎవరిదో గుర్తుపట్టలేం. ఐదారడుగులైతే గాజులు కూడా కనిపిస్తాయి.

కెమెరాను చేత్తో పట్టుకుని నడవకండి. కళ్లు కదులుతున్నామంటాయి, చెవిలోని తూకం కూర్చున్నామంటుంది, కడుపులో తిప్పుతుంది. డీజే పెట్టెకు దూరంగా ఉంచండి, లేకపోతే చప్పట్లు వినపడవు. ఆడేవాళ్లను ముందే అడగండి, ఇందులో ఎవరినీ పక్కకు తప్పించి తీయలేం. మీరూ కనపడతారు కాబట్టి చేరి ఆడండి. నేనైతే ట్రాక్టర్ చాటున నక్కాను.

పండుగ దాకా ఆగక్కర్లేదు. ఇవాళే వంటింట్లో స్టాండ్ పెట్టి, ఒక చెంబును జానెడు దూరంలో గీత మీద ఉంచి నిమిషం తీయండి. చెంబును మూడడుగుల అవతలికి జరిపి మళ్లీ తీయండి. రెండు వీడియోలూ చెరిపేయకండి, 5వ పాఠంలో ఎడిటింగ్‌కు అవే కావాలి.