నోటి క్యాన్సర్ చికిత్స మొదలయ్యే ముందు జాగ్రత్తలు

• బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్షలో) క్యాన్సర్ అని తేలిన రోజే గుట్కా, ఖైనీ, బీడీ మానేయండి. రోజూ మద్యం తాగేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పే మానాలి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

• రేడియేషన్ ఉంటుందంటే ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోండి. చాలామంది దీన్నే వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. పుచ్చిపోయి పీకించాల్సిన పళ్లు ఇప్పుడే పీకిస్తే, పుండు మానడానికి రెండు మూడు వారాలు దొరుకుతాయి. రేడియేషన్ తర్వాత పీకిస్తే, ఏళ్లు గడిచినా సరే, దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది.

• నోరు బిగుసుకుపోకుండా చేసే వ్యాయామాలు ముందే నేర్చుకోండి.

• బరువు తగ్గనివ్వొద్దు. మెత్తటి పప్పన్నం, గుడ్డు, పెరుగు తినండి. మింగలేకపోతే ముక్కు గుండా ఆహారం ఇచ్చే గొట్టానికి ఒప్పుకోండి, అది తాత్కాలికమే కావచ్చు.

• రక్తం పలచబడే మాత్రల సంగతి సర్జన్‌కు చెప్పండి. సొంతంగా ఆపొద్దు.

• ఆరోగ్యశ్రీ కార్డు, రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోండి.