ఇంటి పన్ను ప్రొటెస్ట్, 3వ పాఠం: పక్కింటి లెక్క

పోయిన పాఠంలో 50-132 ఫారం (టెక్సస్‌లో మన ఇంటికి కట్టిన విలువ ఎక్కువని అభ్యంతరం చెప్పేది) నింపి పంపేశాం. అందులో రెండు గళ్ళలోనూ టిక్ పెట్టమన్నాను. మార్కెట్ ధర కంటే ఎక్కువ వెల కట్టారన్నది ఒకటి, మిగతా ఇళ్ళతో పోలిస్తే మన ఇంటికి ఎక్కువ కట్టారన్నది రెండోది. ఇంకా పంపనివాళ్ళుంటే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. గడువు మే 15, లేదా ఇంటి విలువ తెలిపే నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది.

ఈ పాఠమంతా ఆ రెండో గడి గురించే. మొదటి గడికి అమ్మకం ధరలు కావాలి. కానీ టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు. కాబట్టి ఆ ధరలు తెలియాలంటే తెలిసిన రియల్టర్‌ని పట్టుకోవాలి. రెండో గడికి ఆ బాధ లేదు. ఏ ఇంటికి ఎంత వెల కట్టారో మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇళ్ళకు వెల కట్టే ఆఫీసు) వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే వచ్చేస్తుంది. ఫ్రిస్కోలో ఉండేవాళ్ళు మాత్రం మీ ఇల్లు కాలిన్ కౌంటీలో ఉందో డెంటన్‌లో ఉందో ముందు చూసుకోండి, ఊరు రెండింట్లోనూ ఉంది.

చాలామందికి ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. "మా ఇల్లు నిజంగానే 6,40,000 డాలర్లు పలుకుతుంది కదా, ఇంక ఏమని వాదిస్తాం?" అని. వాదించవచ్చు. అలాంటి ఇళ్ళకే 6,18,000 చొప్పున కట్టి మీకు మాత్రం 6,40,000 కడితే అది అసమానం. పోల్చదగ్గ ఇళ్ళు తగినన్ని తీసుకుని, తేడాలు సరిచేసి, వాటి మీడియన్ (వరసలో పెడితే నడిమి అంకె) చూడాలని చట్టమే చెబుతోంది. మీ ఇంటి విలువ దానికి మించి ఉంటే తగ్గించాలి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకండి. మొదటి ఏడాది మా వీధిలో ఎనిమిది ఇళ్ళ అంకెలు రాసుకుని ఉత్సాహంగా వెళ్ళాను. అన్నీ మా ఇంటికన్నా బాగా తక్కువ. ప్రొటెస్ట్ వినే రివ్యూ బోర్డు ప్యానెల్‌లో ఒకావిడ కాగితం చూసి, "ఇవి క్యాప్ అయిన విలువలు కదండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉంటున్న ఇంటికిచ్చే మినహాయింపు) ఉన్న ఇంటికి పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదు, దాన్నే క్యాప్ అంటారు. పదేళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్నవాళ్ళ అంకె అందుకే తక్కువగా కనిపిస్తుంది. ఆ అంకెతో పోల్చడానికి లేదు. వెబ్‌సైట్‌లో ప్రతి ఇంటికీ "మార్కెట్ వాల్యూ" అని విడిగా ఒక వరస ఉంటుంది. రాసుకోవలసింది అది.

ఇళ్ళు ఎంచుకోవడానికి పెద్ద సూత్రమేమీ లేదు. ముందు మీ సబ్‌డివిజన్‌లోనే, అంటే మీ కాలనీలోనే, వెతకండి. ఎస్‌ఎఫ్‌టీ అటూ ఇటూ పది శాతంలో, కట్టిన ఏడాది మూడు నాలుగేళ్ళ తేడాలో ఉంటే చాలు. ఒకే బిల్డర్ కట్టినవి దొరికితే మరీ మంచిది. వీటిని కంప్స్ అంటారు. (మా ఇంట్లో మాత్రం వీటి పేరు "కంపు". మార్చి నెలాఖరు నుంచి ఇల్లంతా అదే కంపు.)

ఇప్పుడు లెక్క. అంకెలు నేను అనుకున్నవే. మీ ఇల్లు 3,000 ఎస్‌ఎఫ్‌టీ, పూల్ లేదు, నోటీసులో మార్కెట్ విలువ 6,40,000. దొరికిన ఐదు ఇళ్ళు ఇవి:

మొదటిది 3,100 ఎస్‌ఎఫ్‌టీ, 6,30,000.
రెండోది 2,950 ఎస్‌ఎఫ్‌టీ, 6,05,000.
మూడోది 3,000 ఎస్‌ఎఫ్‌టీ, పూల్ ఉంది, 6,55,000.
నాలుగోది 3,200 ఎస్‌ఎఫ్‌టీ, 6,45,000.
ఐదోది 2,900 ఎస్‌ఎఫ్‌టీ, 6,10,000.

వీటిని ఉన్నవున్నట్టు పోలిస్తే ఒప్పుకోరు, తేడాలు సరిచెయ్యాలి. ఎస్‌ఎఫ్‌టీకి 80 డాలర్లు, పూల్‌కి 40,000 అనుకుందాం. దిశ తప్పడం ఇక్కడ మామూలే. వాళ్ళింట్లో ఎక్కువున్నది తీసెయ్యండి, తక్కువున్నది కలపండి. ఎప్పుడూ మార్చేది వాళ్ళ అంకెనే, మీ అంకెను ముట్టుకోకండి.

మొదటి ఇల్లు మీకన్నా 100 ఎస్‌ఎఫ్‌టీ పెద్దది. 8,000 తీస్తే 6,22,000. రెండోది 50 తక్కువ, 4,000 కలిపితే 6,09,000. మూడోదానికి పూల్ తీసేస్తే 6,15,000. నాలుగోదానికి 16,000 తీస్తే 6,29,000. ఐదోదానికి 8,000 కలిపితే 6,18,000.

వరసలో పెడితే 6,09,000, 6,15,000, 6,18,000, 6,22,000, 6,29,000. నడిమిది 6,18,000, అదే మీడియన్. మీరు అడగాల్సిన విలువ అది. సగటు తీసి పట్టుకెళ్ళకండి, చట్టంలో ఉన్న మాట మీడియన్.

80, 40,000 లాంటి అంకెలు సొంతంగా పుట్టిస్తే "ఎక్కడివి?" అని అడుగుతారు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్ళ అంకెలే వాడండి. హియరింగ్‌లో వాళ్ళు చూపించబోయే కాగితాలు ముందుగా అడిగి తీసుకునే హక్కు మీకుంది. ఆ సంగతి హియరింగ్‌కి కనీసం 14 రోజుల ముందు వాళ్ళే మీకు తెలియజేయాలి. మీరు అడిగినా గడువులోగా ఇవ్వని కాగితాన్ని వాళ్ళు హియరింగ్‌లో వాడడానికి లేదు. ఆ కట్టలో వాళ్ళ కంప్స్ పట్టిక ఉంటే, దేనికెంత తీశారో ఎంత కలిపారో అందులోనే కనిపిస్తుంది. వాళ్ళ కొలబద్దతోనే కొలిస్తే కాదనడం కష్టం.

ఇంత కష్టపడే ముందు ఇంకొకటి చూసుకోండి. మీకు కూడా క్యాప్ ఉందనుకుందాం. పోయినేడు పన్ను వేసిన విలువ 5,40,000 అయితే ఈ ఏడు 5,94,000 దాటదు. అప్పుడు మార్కెట్ విలువ 6,18,000కి తగ్గినా పన్నులో ఒక్క డాలర్ తేడా రాదు. తగ్గించాలంటే 5,94,000 కిందికి తేవాలి. తేడా ఇంత ఉంటే నేనైతే ఆ ఏడాది వదిలేస్తాను. ఊరుకోకూడదు, ఏటా ప్రొటెస్ట్ వెయ్యాల్సిందే అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఓపిక ఎక్కువ. పోయినేడు కొత్తగా కొని చేరినవాళ్ళకు మాత్రం ఇది ముఖ్యమైన ఏడాది. హోమ్‌స్టెడ్ వచ్చిన మొదటి ఏడాది క్యాప్ ఉండదు, ఆ మరుసటి ఏడాది నుంచే. ఈసారి స్థిరపడిన అంకె మీదే వచ్చే ఏడాది 10 శాతం లెక్కేస్తారు. మొత్తం రేటు 2 శాతం అనుకుంటే మన ఉదాహరణలో తగ్గిన 22,000కి ఈ ఏడాది మిగిలేది 440 డాలర్లు.

వచ్చే పాఠానికి హోంవర్క్: మీ సబ్‌డివిజన్‌లో ఐదు ఇళ్ళు వెతికి, మార్కెట్ విలువలు రాసి, పైన చేసినట్టు పట్టిక ఒకే పేజీలో వేసి పెట్టుకోండి. ఐదూ మీకన్నా తక్కువవే ఏరకండి, కావాలని ఏరారని చూడగానే తెలిసిపోతుంది. ఫౌండేషన్ పగుళ్ళు, రూఫ్ దెబ్బతిన్న ఫోటోలు ఉంటే విడిగా ఉంచండి, అవి మొదటి గడికి పనికొస్తాయి. నాలుగో పాఠంలో అప్రైజర్‌తో ఇన్‌ఫార్మల్‌గా ఎలా మాట్లాడాలో, అక్కడ కుదరకపోతే రివ్యూ బోర్డు ముందు ఏం చెప్పాలో చూద్దాం.